చెరువు ఒడ్డున ఇల్లు: నీటి హక్కు, దారి హక్కు, పొరుగు హక్కు

దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. సురూర్ అంటే ఆనందం. హైదరాబాద్ నగరపు తూర్పు దిక్కున ఆనుకొని ఉన్న రెండు పేటల పేర్లలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. ఆ పేర్లు ఏ కాలంలో ఎవరి కారణంగా ఏర్పడినప్పటికీ, వాటి అర్థం మాత్రం నేటి గృహస్థుని కోరికకు అద్దం పడుతున్నది. కిటికీ తెరిస్తే నీరు కనిపించాలి. మసీదు, బడి, కూరగాయల అంగడి, మెట్రో స్టేషను కాలినడకన చేరేంత దూరంలో ఉండాలి. సాయంత్రం వేళ ఇంటిల్లిపాదీ భయం లేకుండా నీటి ఒడ్డున నాలుగడుగులు వేయాలి. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వరకు గృహ విక్రేతల ప్రకటనలన్నీ ఇప్పుడు ఈ కోరిక చుట్టూనే తిరుగుతున్నాయి. 'లేక్ వ్యూ' అన్న రెండు మాటలు చేరితే అదే వైశాల్యం గల ఫ్లాటుకు వెల పెరుగుతున్నది.

ఇటువంటి ఇల్లు కొనవచ్చునా, కొంటే క్షేమమేనా అని మా వద్దకు వచ్చే విద్యార్థుల తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. జీవితకాలపు సంపాదనను ఒక్క ఇంటిలో పోసే మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. కోరిక తప్పు కాదు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగు మనిషి సౌభాగ్యంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. అయితే నీటి ఒడ్డున నివసించే వాడు ఒంటరిగా నివసించడు. నీటికి ఒక హక్కు ఉన్నది, దారికి ఒక హక్కు ఉన్నది, తనకంటే ముందు అక్కడ గుడిసె వేసుకొన్న పొరుగువానికి ఒక హక్కు ఉన్నది. ఈ మూడు హక్కులను దృష్టిలో ఉంచుకొని మన తూర్పు హైదరాబాద్‌ను ఒకసారి పరిశీలిద్దాము.

తోటల నేల, చెరువుల నేల

ఒకప్పుడు ఈ ప్రాంతం నగరం వెలుపలి తోటల సీమ. నిజాం అలీ ఖాన్ కాలపు ప్రధానమంత్రి అరస్తు జాహ్ ఇక్కడ తోట వేయించాడనీ, ఆయన భార్య సురూర్ అఫ్జా పేర అది సరూర్‌నగర్ అయినదనీ చెబుతారు. అదే నిజాం కొలువులో సేనాధిపతిగా ఉన్న ఫ్రెంచి వాడు రేమండ్ 1798లో మరణించాడు. ఆయనను ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకొన్నారు. ఆ పిలుపు నుండే నేటి మూసారాంబాగ్ పుట్టింది. ఆయన సమాధి సమీపంలోని గుట్టపై నేటికీ నిలిచి ఉన్నది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లో ఒక రాజభవనం కట్టించాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ భవనం అనాథ బాలల ఆశ్రమంగా మారింది. విక్టోరియా మెమోరియల్ అనే మెట్రో స్టేషనుకు ఆ పేరు అక్కడి నుండే వచ్చింది. రాజు విలాసం కోసం లేచిన గోడల మధ్య తల్లిదండ్రులు లేని పిల్లలు చదువుకొన్నారు. ఈ నేల చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టం ఇదే.

ఈ పేటలన్నిటికీ నడుమ సరూర్‌నగర్ చెరువు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, కుతుబ్ షాహీల ఏలుబడిలో, పంట పొలాలకు నీరందించడానికి తవ్వించిన చెరువిది. నేడు దీని విస్తీర్ణం సుమారు 99 ఎకరాలని లెక్క. 1956 తర్వాత నగరం ఇటు పాకి రాగా పొలాలు ప్లాట్లయ్యాయి, కాలువలు మురుగు నాలాలయ్యాయి. 2003–04లో అప్పటి హుడా సంస్థ చెరువును శుభ్రపరచి, కట్టను బాగుచేసింది. ఒడ్డున ప్రియదర్శిని పార్కు ఉన్నది. తెల్లవారు జామున ఫజ్ర్ నమాజు ముగించి వచ్చిన పెద్దలు, మధుమేహానికి వైద్యుడు నడవమన్న గృహిణులు, పరీక్షల కోసం గదులలో ఉండే యువకులు ఆ పార్కులో ఎదురుపడుతుంటారు. వారిలో ఎక్కువమంది ధనవంతులు కారు. నీటి ఒడ్డు నడక ధనవంతుల సొత్తు కాదనడానికి ఈ దృశ్యమే సాక్ష్యం.

దారి హక్కు

నడవడానికి వీలైన పేట అంటే ఏమిటి? పార్కులో గుండ్రంగా తిరిగే బాట ఒక్కటే కాదు. ఇంటి గుమ్మం నుండి మసీదు వరకు, బడి వరకు, రైతుబజారు వరకు, స్టేషను వరకు పదేళ్ల పిల్లవాడు, డెబ్బై ఏళ్ల ముదుసలి ఎవరి తోడూ లేకుండా నడిచి చేరగలగడం. ఈ కొలతతో చూస్తే మన తూర్పు పేటలకు దైవానుగ్రహం వలన సగం సంపద ముందే లభించి ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ స్టేషన్లు ఒకే వరుసలో ఉన్నాయి. ఎల్బీనగర్–అమీర్‌పేట మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. సరూర్‌నగర్ రైతుబజారు, బట్టల అంగళ్లు, శిక్షణా కేంద్రాలు, ఆసుపత్రులు అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. నగరపు పడమటి దిక్కున అద్దాల మేడలలో కోట్లు పోసి కొన్నవారు కొత్తిమీర కట్ట కోసం కారు తీయవలసి వస్తుంది. ఇక్కడి సామాన్యునికి ఆ అవసరం లేదు.

అయితే రెండవ సగం లోపించింది. 2018 నుండి ఎల్బీనగర్ కూడలి చుట్టూ అండర్‌పాసులు, పైవంతెనలు వరుసగా వచ్చాయి. విజయవాడ వైపు పోయే వాహనానికి దారి సుగమమైంది. రోడ్డు దాటవలసిన బుర్ఖా ధరించిన తల్లికి, ఆమె చేయి పట్టుకొన్న పసివానికి మాత్రం ఆ కూడలి మునుపటి కంటే వెడల్పైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలిబాట ఉన్న చోట ద్విచక్ర వాహనం నిలుస్తుంది, లేదా దుకాణపు మెట్లు ముందుకు వస్తాయి. తోపుడు బండ్ల వారిని మేము నిందించడం లేదు. వారిది జీవనోపాధి, వారికొక స్థలం చూపించడం పురపాలకుల బాధ్యత. పక్కా దుకాణం, సొంత ఇల్లు ఉండి కూడా మెట్లను, జనరేటరును, కారును దారిలోకి నెట్టేవారిని గురించే మా మాట.

దారి గురించి ఇస్లాం చెప్పిన సంగతులు మన పిల్లలకు కంఠతా వచ్చు. దారిలో నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటి. దారి పక్కన కూర్చునేవారు దారి హక్కును చెల్లించాలి: చూపు దించుకోవాలి, ఎవరికీ బాధ కలిగించరాదు, సలాముకు జవాబివ్వాలి, మంచిని చెప్పి చెడును వారించాలి. దారి వెడల్పు విషయంలో తగవు వస్తే ఏడు మూరలు విడువవలసిందని దైవప్రవక్త (స) తీర్పు చేశారు. మసీదుకు దూరంగా ఉన్న బనూ సలిమా తెగవారు దగ్గరకు మారిపోవాలని తలచినప్పుడు, ఉన్నచోటనే ఉండండి, మీ అడుగుల జాడలు వ్రాయబడుతున్నాయని వారిని ఓదార్చారు. అడుగు అడుగుకూ పుణ్యం వ్రాయబడే సమాజంలో అడుగు వేయడానికి చోటు మిగల్చకుండా ప్రహరీని ముందుకు జరిపేవాడు ఎవరి పుణ్యానికి అడ్డుపడుతున్నాడో ఆలోచించుకోవాలి.

నీటికి తన దారి తెలుసు

ఇక నీటి మాట. సరూర్‌నగర్ చెరువు ఒంటరి చెరువు కాదు. మీర్‌పేట వైపు ఎగువన ఉన్న చెరువులు నిండితే వాటి నీరు దీనిలోకి దిగుతుంది. ఇది నిండితే నీరు చైతన్యపురి పక్కల గుండా మూసీ నదికి చేరాలి. మన పూర్వులు చెరువులను గొలుసులా కట్టారు. ఒకదాని మత్తడి దూకిన నీరు కింది చెరువుకు ప్రాణం పోసేది. ఆ గొలుసు కొక్కేల మీద మనం కాలనీలు వేశాము. వర్షం లేని నెలలలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒక్క రాత్రి కుంభవృష్టి కురిస్తే నీరు తన పాత పట్టా చేతబట్టుకొని వస్తుంది.

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగర తూర్పు అంచున, ఘట్‌కేసర్ వైపు, 32 సెంటీమీటర్లు నమోదైంది. ఆ అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ మొదలైన కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. నేల అంతస్తులో ఉన్నవారి బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు, పెళ్లికి దాచిన బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత నాలాల విస్తరణకు ప్రత్యేక పథకం వచ్చింది. 2021 నుండి పలుచోట్ల పెద్ద కాంక్రీటు కాలువలు కట్టారు. పనులు మేలు చేశాయి. అయినా కాలువ ఎంత పెద్దదైనా చెరువు ఇచ్చే చోటును అది ఇవ్వలేదు.

మూసీ సంగతి ఇంకా లోతైనది. అనంతగిరి కొండలలో పుట్టి, పడమటి నుండి తూర్పుకు నగరాన్ని దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నది ఇది. లంగర్‌హౌజ్ సమీపంలో ఈసీ నది దీనిలో కలుస్తుంది. మూసా, ఈసా అలైహిముస్సలాంల పేర్లను తలపించే ఈ రెండు నదుల గురించి మన పెద్దలు ఎన్నో ముచ్చట్లు చెప్పుకొనేవారు. నగరం మొత్తం కడిగిన మురుగు పడమటి నుండి కొట్టుకొని వచ్చి అంబర్‌పేట, మూసారాంబాగ్, చైతన్యపురి, నాగోల్ తీరాలకు చేరుతుంది. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లను శుద్ధిచేసే కేంద్రం ఉండి కూడా నాగోల్ వంతెన మీద ముక్కు మూసుకోవలసిన రోజులు పోలేదు. ఎగువన జంట జలాశయాల గేట్లు ఎత్తిన ప్రతిసారీ మూసారాంబాగ్ పాత వంతెన మునిగి, అంబర్‌పేటకూ దిల్‌సుఖ్‌నగర్‌కూ రాకపోకలు నిలిచేవి. 2025 సెప్టెంబరు చివరలో వరద ఏకంగా మహాత్మా గాంధీ బస్ స్టేషనులోకి ప్రవేశించింది. ఎగువవాడు వదిలింది దిగువవాడు అనుభవిస్తాడు. తూర్పు హైదరాబాద్ దిగువన ఉన్నది.

మదీనాలోని మహ్‌జూర్ వాగు విషయంలో ఎగువ, దిగువ రైతులకు తగవు వచ్చింది. ఎగువవాడు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకొని, ఆపై కిందివానికి వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఆనాటి తగవు నీరు చాలక వచ్చింది, నేటి తగవు నీరు ఎక్కువై, మురికై వచ్చింది. న్యాయం మాత్రం ఒక్కటే: ఎగువన ఉన్నవాని అనుభవానికి ఒక హద్దు ఉన్నది, ఆ హద్దు దిగువవాని హక్కు.

హరీమ్: ఒడ్డు ఎవరిది?

మన ఫిఖహ్ గ్రంథాలలో 'హరీమ్' అనే పదం ఉన్నది. బావికి, కాలువకు, నదికి చుట్టూ విడిచిపెట్టవలసిన స్థలమే హరీమ్. బావి చుట్టూ నలభై మూరలని హదీసులో వచ్చింది. ఒకరి కాలువ మరొకరి పొలం గుండా పోతుంటే దాని గట్టు ఎవరిదన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) గారికీ, ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్లకూ అభిప్రాయభేదం ఉన్నది. సాక్ష్యం లేనిదే కాలువ యజమానికి గట్టు మీద హక్కు లేదని గురువుగారి మాట. గట్టు కాలువకే చెందుతుందని శిష్యుల మాట. దానికి వారు చెప్పిన ప్రయోజనాలు రెండు: దాని మీద నడవడం, తవ్వి తీసిన పూడిక మట్టిని దాని మీద వేయడం. పన్నెండు వందల సంవత్సరాలకు పూర్వం కూఫా, బగ్దాద్ నగరాల పండితులు నీటి ఒడ్డును నడకకూ, నీటి సంరక్షణకూ కేటాయించారన్న సంగతి నేటి నగర నిర్మాతలు తెలుసుకోదగినది.

దజ్లా, ఫురాత్ వంటి మహానదులు ఎవరి సొంతమూ కావనీ, వాటి పూడికతీత ఖర్చు బైతుల్ మాల్ భరించాలనీ, ఇతరులకు హాని కలగనంత వరకే ఒక్కొక్కరు వాటిని వాడుకోవచ్చుననీ ఆ గ్రంథాలు స్పష్టం చేశాయి. నీరు నిలిచే చోటును, జనం నడిచే దారిని, నీడనిచ్చే చెట్టు కిందిని మలినపరచడం శాపానికి కారణమని హదీసులో హెచ్చరిక ఉన్నది. నీరు, దారి, నీడ: నేటి పట్టణ ప్రణాళిక గ్రంథాలు చెరువు ఒడ్డు నడకబాటకు కావాలని చెప్పేవి కూడా ఈ మూడే.

మన రాష్ట్రపు నియమాలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు, పట్టణ పరిధిలో నదికి 50 మీటర్లు కట్టడాలు లేకుండా విడువాలి. సరూర్‌నగర్ చెరువు సుమారు 40 హెక్టార్లది గనుక దానికి 30 మీటర్ల నియమం వర్తిస్తుంది. అధికారుల భాషలో బఫర్ జోన్ అన్నా, మన పండితుల భాషలో హరీమ్ అన్నా భావం ఒకటే: నీటికి ఊపిరి పీల్చుకొనే చోటు. ఆ చోటు మీదికి మన వరండా జరిగితే, వానాకాలంలో నీరు మన పడకగదిలోకి జరుగుతుంది.

ఒకసారి ఈ నగరం నదిని గౌరవించింది

1908 సెప్టెంబరు 28న మూసీ వరద సుమారు 15,000 మందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి వందకు పైగా జనం ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఎగువనే ఆపాలని ఆయన సూచించాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీల స్థానంలో గాలి, వెలుతురు వచ్చే ఇళ్లు కట్టించింది. నది ఇరువైపులా గోడలు లేచాయి, తోటలు వెలిశాయి.

ఒడ్డున ఏ కట్టడాలు వచ్చాయో గమనించండి. ఒక వైపు హైకోర్టు, సిటీ కళాశాల. ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి, కొంత దూరంలో అసఫియా గ్రంథాలయం. న్యాయం, విద్య, వైద్యం, పఠనం. నగరంలోని అత్యంత సుందరమైన తీరాన్ని ఆనాటి పాలకులు ప్రైవేటు మేడలకు కాక, పేదవాడు కూడా నిస్సంకోచంగా మెట్లెక్కగల సంస్థలకు ఇచ్చారు. రాజరికంలో లోపాలు లేవని మేము అనము. అయితే తీరం ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన జవాబు నేటికీ చెల్లుతుంది.

ఎర్ర గుర్తు వేసిన గోడలు

నేడు ఆ ప్రశ్న మరల మన ముందుకు వచ్చింది. మూసీ తీరాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. నగర పరిధిలోని సుమారు 55 కిలోమీటర్ల నదిని శుద్ధిచేసి, ఒడ్డున నడకబాటలు, ఉద్యానాలు, అంగళ్లు తీర్చిదిద్దాలన్నది సంకల్పం. 2024 సెప్టెంబరులో అధికారులు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ తదితర చోట్ల నదీగర్భంలోని ఇళ్ల గోడలపై ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలు మలక్‌పేట వంటి చోట్ల కట్టిన రెండు పడకగదుల ఇళ్లకు తరలివెళ్లాయి. కొత్తపేట, చైతన్యపురి తీరాల వాసులు వీధులలోకి వచ్చి నిరసన తెలిపారు. మా వద్ద రిజిస్ట్రేషన్ ఉన్నది, ఆస్తిపన్ను కడుతున్నాము, కరెంటు మీటరు ప్రభుత్వమే ఇచ్చింది, ఇప్పుడు నదీగర్భమంటే ఎట్లా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను కొట్టివేయలేము. నది బాగుపడాలన్న మాటను కూడా కొట్టివేయలేము.

ఇతర నగరాల అనుభవం ఏమి చెబుతున్నది? దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చోంగ్యేచోన్ అనే వాగుపై కప్పిన రోడ్డును, దాని మీది పైవంతెనను తొలగించి, 2005లో 5.8 కిలోమీటర్ల నడక తీరాన్ని తెరిచారు. 2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రతినిధులు వెళ్లి దానిని చూసి వచ్చారు. జనం నడవడానికి వాహనాల దారినే తీసివేయడం అక్కడి విశేషం. అయితే ఆ వాగులో పారే నీటిలో అధిక భాగం హాన్ నది నుండి పంపులతో తోడిపోస్తున్నది. అహ్మదాబాద్‌లో సాబర్మతి తీరపు నడకబాట 2012లో ప్రజలకు తెరుచుకొన్నది. సుమారు 11 కిలోమీటర్ల పొడవునా సాయంత్రాలు కుటుంబాలతో కళకళలాడుతుంది. ఆ తీరం కోసం పది వేలకు పైగా కుటుంబాలు తరలవలసి వచ్చింది. వారిలో చాలామందికి ఇచ్చిన ఇళ్లు పాత ఉపాధికి దూరమయ్యాయి. ఇల్లు దొరికింది, కూలి దొరకలేదు.

నగరంలోనే పడమట దుర్గం చెరువు ఉన్నది. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన ఆ చెరువుపై 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరుచుకొన్నది. దాని చుట్టూ భవంతుల వెల చుక్కలను తాకింది. 2024లో అక్కడి సంపన్నుల ఇళ్లకు కూడా చెరువు హద్దులో ఉన్నాయని నోటీసులు అందాయి. నీటి హద్దుకు ధనిక, పేద భేదం తెలియదు. ఆ భేదం హద్దును అమలుచేసే చేతులలో కూడా ఉండకూడదు. చెరువు ఒడ్డున పేదవాని రేకుల ఇల్లు ఆక్రమణ అయితే, ధనికుని ఈతకొలను కూడా ఆక్రమణే.

కావున మా అభిప్రాయం ఇది. తూర్పు హైదరాబాద్‌కు మంచి నీటి తీరం అవసరం. దానికి వరుస క్రమం ముఖ్యం. మొదట మురుగు ఆగాలి, తర్వాత హద్దులు నిష్పక్షపాతంగా, బహిరంగంగా గుర్తించాలి, ఆ తర్వాత కదలవలసిన కుటుంబానికి పిల్లల బడి మారకుండా, తండ్రి పని పోకుండా నడక దూరంలో ఇల్లు ఇవ్వాలి. అలంకారం చివరి మాట. ఎర్ర గుర్తు వేసిన ఇంటిలో నిద్ర పట్టని తల్లి ఉండగా ఎదుటి ఒడ్డున రంగుల దీపాలు వెలిగితే అది అభివృద్ధి కాజాలదు. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ధర్మసూత్రం పురపాలనకు కూడా వర్తిస్తుంది.

కొనబోయే కుటుంబానికి

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాము. నీటి ఒడ్డున ఇల్లు కొనదలచినవారు బయానా ఇచ్చేముందు ఈ పనులు చేయడం శ్రేయస్కరం.

మొదటిది, ఎఫ్‌టీఎల్ అని పిలిచే పూర్తి నీటిమట్టపు హద్దు ఎక్కడ ఉన్నదో చూడండి. చెరువుల పటాలను హెచ్‌ఎండీఏ ప్రజలకు అందుబాటులో ఉంచింది. వేసవిలో నీరు ఎక్కడ ఉన్నదన్నది హద్దు కాదు, నిండుకుండలా ఉన్నప్పుడు ఎక్కడికి వస్తుందన్నది హద్దు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఆ స్థలం నీటి హద్దు వెలుపల ఉన్నదని రుజువు కాదు. మూసీ ఒడ్డు కుటుంబాల అనుభవం ఇదే నేర్పింది.

రెండవది, వర్షాకాలంలో ఒకసారి, వాన వెలిసిన గంటలోనే, ఆ వీధికి వెళ్లండి. 2020 అక్టోబరులో నీరు ఎంత ఎత్తు వచ్చిందో పక్క వీధి కిరాణా దుకాణదారుని అడగండి. అమ్మేవాడు చెప్పనిది అతడు చెబుతాడు. గోడ మీది చెమ్మ గీత కూడా చెబుతుంది.

మూడవది, కారులో కాక కాలినడకన ఆ పేటను కొలవండి. ఇంటి నుండి మసీదుకు, బడికి, స్టేషనుకు అమ్మను, అమ్మమ్మను, చిన్నపిల్లను వెంటబెట్టుకొని నడవండి. ఇషా నమాజు తర్వాత కూడా ఒకసారి నడవండి. వీధిదీపాలు వెలుగుతున్నాయా, స్త్రీలు నిశ్చింతగా నడుస్తున్నారా, కుక్కల బెడద ఎంత, రోడ్డు ఎక్కడ దాటాలి అన్నవి ప్రకటనల కాగితంలో ఉండవు.

నాలుగవది, ఆ అపార్ట్‌మెంటు మురుగు ఎక్కడికి పోతున్నదో అడగండి. మన స్నానపు నీరు శుద్ధి కాకుండా ఎదుటి చెరువులోకే పోతుంటే, కిటికీలో నుండి మనం చూసే అందం మన చేతులమీదుగానే నశిస్తున్నది. నీటి దృశ్యానికి అదనపు వెల చెల్లించి, ఆ నీటినే చంపడం బుద్ధిమంతుల పని కాదు.

ఐదవది, ఆ ఇంటి స్థలం ఎవరినైనా అన్యాయంగా కదిలించి సంపాదించినదా అని విచారించండి. జానెడు నేలను దౌర్జన్యంగా తీసుకొన్నవాని గురించి హదీసులో వచ్చిన హెచ్చరిక మీకు తెలిసినదే. తెలియక కొన్నాము అన్న మాట, విచారించిన తర్వాత మాత్రమే నోట రావాలి.

ఇప్పటికే నివసిస్తున్నవారికి

చెరువు, నది పక్కన ముందే ఇళ్లున్న కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. వారి చేతిలో ఉన్న పనులు చిన్నవైనా విలువైనవి. ఇంటి చెత్తను, ఖుర్బానీ వ్యర్థాలను నాలాలో వేయకండి. బక్రీద్ రోజులలో మునిసిపాలిటీ ఇచ్చే సంచులను, సేకరణ వాహనాలను వినియోగించుకోండి. పొరుగున ఉన్న హిందూ సోదరులు నిమజ్జనం వేళ మట్టి ప్రతిమల వైపు మొగ్గు చూపుతున్నారు. మన వంతు శుభ్రత మనం పాటిస్తే మాటకు బలం వస్తుంది. ఇంటి మెట్లు, కారు, ఇసుక కుప్ప దారిలో ఉంటే లోపలికి జరపండి. ప్రతి మసీదు కమిటీ తన పరిసర కాలిబాటను ఒక అమానతుగా భావించి, జుమా నాడు వాహనాలు దారిని మూయకుండా ఇద్దరు యువకులను నిలిపితే చాలు, వీధి మొత్తం ఊపిరి పీల్చుకొంటుంది. నాలాలకు పూడిక తీసే పని వేసవిలోనే జరిగేలా కాలనీ సంఘాలు కులమతాలకు అతీతంగా కలిసి అర్జీలు పెట్టాలి. వరద ఏ ఇంటినీ మతం అడిగి ముంచదు.

సరూర్‌నగర్ చెరువు తవ్వి సుమారు నాలుగు వందల సంవత్సరాలు గడిచాయి. దానిని తవ్వినవారు దాని పక్కన మేడ కట్టుకోవడానికి తవ్వలేదు. కిందనున్న పొలానికి నీరందాలని తవ్వారు. నీటిని ఆ దృష్టితో చూసిన తరం చెరువును మనకు అప్పగించి వెళ్లింది. మన పిల్లలకు మనం అప్పగించేది చెరువా, లేక చెరువు పేరు గల అపార్ట్‌మెంటు మాత్రమేనా అన్నది ఈ పేటలలో నివసించే ప్రతి కుటుంబమూ తన ఇంటి భోజనాల వేళ చర్చించుకోదగిన విషయం. నీటికి దాని హరీమ్‌ను, నడిచేవానికి అతని దారిని, ఒడ్డునున్న పేదవానికి అతని కప్పును మిగిల్చిన పేటలోనే దిల్‌సుఖ్, సురూర్ అన్న మాటలు నిజమవుతాయి.